నిమ్మకాయంత చింతపండు

మా సంస్థలో పన్ను నొప్పి మీద నిషేధమేమీ లేదు. ఎవరికైనా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. కాకపోతే అది ముఖం దాకా రాకూడదు. వస్తే ఏమవుతుందో మా తిప్పేస్వామన్నకు తెలిసింది. పక్క సీటులో కూర్చున్న పాపానికి నాకూ తెలిసింది.

మాది చింతపండు అభివృద్ధి సంస్థ, ప్రాంతీయ కార్యాలయం. అనంతపురం వైపు చింతమానులు ఎక్కువ కాబట్టి ఇక్కడ పెట్టారు. సంస్థ వచ్చాక చింతపండు అభివృద్ధి చెందిందా అని అడగకండి, మేం ఉద్యోగులం మాత్రం కాస్త చెందాం. ఆఫీసు వెనకాలే గోడౌను. గాలి ఇటు తిరిగితే ఫైళ్ళకు కూడా పులుపు వాసన పడుతుంది. ఇక్కడ నేను టైపిస్టును. తిప్పేస్వామన్న ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తా. అందరి హాజరు, అందరి సెలవులు, అందరికీ పోయే మెమోలు ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. సెలవు అనేది ఇతరుల కాగితాల్లో చూడడమే గానీ ఆయన ఎన్నడూ పెట్టి ఎరగడు. పెళ్ళి కూడా ఆదివారం ముహూర్తం దొరికేదాకా ఆగి చేసుకున్నాడని అంటారు.

ఈ ఎండాకాలం మా హెడ్డాఫీసుకు ముఖాల పిచ్చి పట్టింది. "సంతకం అబద్ధమాడుతుంది, ముఖం ఆడదు" అని ఏదో సెమినారులో ఎవరో అన్నారట. వారం తిరక్కుండా మా గేటుకు ముఖయంత్రం బిగించారు. దాని ముందు నిలబడి ముఖం చూపిస్తే ఒక ఆడగొంతు "స్వాగతం" అని పేరు పెట్టి పిలుస్తుంది, గేటు తెరుచుకుంటుంది. గుర్తుపట్టకపోతే "వ్యక్తి నమోదు కాలేదు" అంటుంది, అంతే. సాయంత్రం అయిదున్నర దాకా బయటికి పోవాలన్నా దాని అనుమతే కావాలి, అదీ సెలవు మంజూరైతేనే. యంత్రంతో పాటు దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి సుధీంద్ర అనే నోడల్ ఆఫీసరు కూడా హెడ్డాఫీసు నుంచి దిగాడు. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు, నోట్లో ఎప్పుడూ పుస్తకంలోని తెలుగే.

ఒక సర్క్యులరు కూడా వచ్చింది. "ఉద్యోగి యనగా అతని ముఖము" అన్నది అందులో మొదటి వాక్యం. వరసగా మూడు రోజులు ముఖం పడకపోతే ఆ ఉద్యోగి లేనట్టే, కుర్చీ ఖాళీ అయినట్టే అన్నది చివరి వాక్యం. దాన్ని అందరికీ చదివి వినిపించి, గోడకు అంటించింది తిప్పేస్వామన్నే. ఆయనకు సర్క్యులరంటే అంత గౌరవం.

ఆ సోమవారం పొద్దున నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. ఎడమ చెంప పప్పుచారుకు తీసుకునే చింతపండంత, అంటే నిమ్మకాయంత ఉబ్బి ఉంది. ఆయన ముఖం చూపించడం, అది "వ్యక్తి నమోదు కాలేదు" అనడం, ఆయన ఒకడుగు వెనక్కి వేసి మళ్ళీ ముందుకు రావడం. పాపం, చెంపను అరచేత్తో లోపలికి నొక్కుకుని కూడా చూశాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ యంత్రం మనసు కరగలేదు.

"ఏమైందన్నా?" అన్నాను.

"దవడపన్ను గిరిజమ్మా. రేత్రంతా సలుపు. పగోనికి కూడా వద్దు ఈ నొప్పి," అన్నాడు పళ్ళు విప్పకుండా.

చివరికి వాచ్‌మన్ బండెప్ప జాలిపడి సందర్శకుల చీటీ తీశాడు. "ఎవుర్ని కలవల్లన్నా? పేరు రాయల్ల."

ఆయన కాసేపు ఆలోచించి, "తిప్పేస్వామిని," అన్నాడు.

"ఆయప్ప ఇంగా రాలేదే," అన్నాడు బండెప్ప అలవాటు కొద్దీ. తర్వాత నాలుక కరుచుకుని లోపలికి పంపించాడు.

మా ప్రాంతీయ మేనేజరు మార్కండేయులుగారు మంచివారే. బూరెల్లాంటి బుగ్గలు, నవ్వితే కళ్ళు కనిపించవు. కాకపోతే తన మంచితనం ఏ రూలు కిందికి వస్తుందో తెలియక దాన్ని ఎప్పుడూ వాడలేదు. తిప్పేస్వామన్న ఆయన ముందు నిలబడితే నేనూ వెంట వెళ్ళాను. సుధీంద్ర అప్పటికే అక్కడ ట్యాబు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సార్, నేను వచ్చినా. మిషను వద్దంటాంది," అన్నాడు తిప్పేస్వామన్న.

"అయ్యా," అన్నాడు సుధీంద్ర, "యంత్రమునకు పక్షపాతం లేదు. మీరు తిప్పేస్వామి గారే కావచ్చు. అయితే అది మీ వ్యక్తిగత అభిప్రాయం."

"ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాం కదండీ, మాకు తెలియదా?" అన్నాను నేను, ఒళ్ళు మండి.

"మానవ దృష్టి దోషభూయిష్టం కాబట్టే యంత్రమును నెలకొల్పినాము. దాని ప్రకారం తిప్పేస్వామి గారు ఈ రోజు విధులకు గైర్హాజరు. అదే సమయంలో వారి కుర్చీలో ఒక అపరిచిత వ్యక్తి ఆసీనులై ఉన్నారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు. వేర్వేరు ఫైళ్ళు తెరవవలెను."

మేనేజరుగారు గంభీరంగా తలూపారు. "తెరవండి. ఎవరి సీటు అది?"

ఎవరి సీటంటే, తిప్పేస్వామన్నదే. ఆయన తన కుర్చీలోకి వెళ్ళి, ఎడమ చేత్తో చెంప పట్టుకుని, కుడి చేత్తో 'శ్రీ తిప్పేస్వామి అనుమతి లేకుండా గైర్హాజరైనందున సంజాయిషీ ఇవ్వవలెను' అని తనకే మెమో రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. దాని మీద మేనేజరుగారు సంతకం చేశారు. అందుకున్నట్టు ఇంకో సంతకం పెట్టబోతుంటే సుధీంద్ర వచ్చి ఆపాడు. అపరిచితులు మెమోలు అందుకోరాదట.

ఆ సాయంత్రం వాళ్ళ ఆవిడ అంజినమ్మ, నేనూ కలిసి ఆయన్ని డాక్టర్ వహీదా దగ్గరికి లాక్కుపోయాం. మా ఊరికి ఆమె ఒక్కతే పళ్ళ డాక్టరు. ఆమె చెంప మీద వేలు పెట్టగానే ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. ఒళ్ళు కాలిపోతోంది. నోరు తెరవమంటే రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు.

"చూడన్నా," అందామె, "ఊరికే సలుపుతాంటే మాత్ర రాసిచ్చి నిదానంగా రమ్మంటా. ఇది ఆ లెక్క కాదు. దవడ వాచింది, జ్వరం తగిలింది, నోరు బిగిసింది. వేరు కింద చీము పట్టింది. దానికి బయటికి దారి లేదు, లోపల్లోపలే దారి చూసుకుంటాంది. ఈ పన్ను ఇప్పుడే తీసేయల్ల."

"తీస్తే వాపు పోతాదా మేడమ్? రేపు పొద్దున్నేకి?"

"యాడ పోతాది? తీసినా రెండు మూడు దినాలు ఉంటాది."

అంతే, ఆయన కుర్చీ దిగేశాడు. రెండు మూడు రోజులు వాపుంటే మూడు రోజులు ముఖం పడదు. మూడు రోజులు పడకపోతే కుర్చీ ఖాళీ. సెలవు మంజూరైతేనే ఆ లెక్కలోంచి తప్పుకునేది. పెద్దకూతురు కాన్పుకు వచ్చి ఉంది, చిన్నది ఇంకా చదువుకుంటోంది. ఇంటికంతా ఆ కుర్చీయే ఆధారం.

"రేపు అత్యవసర సెలవు సాంక్షను చేయించుకోని వస్తా మేడమ్. నాకొక సర్టిఫికెట్ రాసీండి."

"చీముకు సాంక్షను అంటే తెలుస్తాదా అన్నా?" అందామె. ఎంత చెప్పినా వినకపోయేసరికి మాత్రలిచ్చి, సర్టిఫికెట్ రాసి, నా వైపు, అంజినమ్మ వైపు తిరిగింది. "మీరన్నా బాగా ఇనండి. వాపు దవడ కిందికి, గొంతు మీదికి దిగితే, ఉమ్ము మింగలేకపోతే, మాట ముద్దముద్దగా వస్తే, ఊపిరి కష్టమైతే, ఇంగ నా దగ్గరికి కూడా తేవద్దండి. నేరుగా పెద్దాసుపత్రికి తీసుకపోండి. అది పన్ను సంగతి కాదు అప్పుడు, ప్రాణం సంగతి."

మంగళవారం ఆయన మళ్ళీ సందర్శకుడిగా లోపలికి వచ్చి సర్టిఫికెట్ మేనేజరుగారి బల్ల మీద పెట్టాడు. సుధీంద్ర దాన్ని రెండు వైపులా చూశాడు.

"ఈ ధ్రువపత్రం తిప్పేస్వామి గారి దంతమునకు సంబంధించినది. ఆ దంతము ఎవరి నోటిలో ఉన్నదో ముందుగా తేలవలసి ఉన్నది," అన్నాడు. "అదీకాక అత్యవసర సెలవును యంత్రము ద్వారానే కోరవలెను. యంత్రము ముఖమును గుర్తించి, అందు వాపును గమనించి, మంజూరు చేయును."

"వాపుంటే ముఖం గుర్తుపట్టడం లేదు కదండీ," అన్నాను.

"వాపు తగ్గిన పిదప ప్రయత్నించవచ్చు."

"వాపు తగ్గితే అత్యవసరం ఎట్లా అవుతుంది?"

"కాదు," అన్నాడు సుధీంద్ర, నేను ఇంత తేలిక విషయం అడిగినందుకు ఆశ్చర్యపడుతూ.

అప్పటిదాకా కళ్ళు మూసుకుని వింటున్న మేనేజరుగారు ఒక్కసారి లేచి నిలబడ్డారు. "ఆగండాగండి. వాపు ఉందా, మనవాడు కాడు. మనవాడా, వాపు ఉండదు. అంటే సుధీంద్రగారూ, మన కార్యాలయంలో పంటి అత్యవసరం అనేదే లేదన్నమాట!"

"లేదు సార్. ఇక మీదట రాబోదు కూడా."

"ఏ కార్యాలయం సాధించింది ఇది? ఏమ్మా గిరిజా, ఒక రిపోర్టు కొట్టు హెడ్డాఫీసుకు. 'తొలి దంత అత్యవసర రహిత కార్యాలయం' అని పైన పెద్దక్షరాల్లో ఉండాలి. బయట ఒక బ్యానరు కూడా కట్టిద్దాం."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు కనీసం ఒక కుందేలునైనా పట్టుకున్నాడు. వీళ్ళకు అదీ అక్కర్లేదు. కోపం దిగమింగుకుని రిపోర్టు టైపు చేశాను. నేను టైపు చేస్తున్నంతసేపూ ఆ అత్యవసరం నా పక్క కుర్చీలో కూర్చుని, తడి తువ్వాలు చెంపకు అదుముకుని, నా అక్షరదోషాలు దిద్దిపెట్టింది.

"అన్నా, ఉద్యోగం పోతే పోయింది. నడువు, పీకించుకుందాం," అన్నాను మెల్లగా.

"రేపొక్క దినం చూస్తా గిరిజమ్మా. రేపు మొగం పడకపోతే ఇంగ నేను లేనట్లే గదా," అన్నాడు. ఆయన దాన్ని సర్క్యులరు భాషలోనే అన్నాడు గానీ నాకు అలా వినబడలేదు.

బుధవారం పొద్దున, గేటు పక్కన నిలబడి ఉన్న సుధీంద్రను ఆయన చేతులు కట్టుకుని అడిగాడు, ఏదైనా మార్గం చెప్పమని. సుధీంద్రకు కూడా ఎక్కడో ఒక మూల జాలి ఉన్నట్టుంది. "యంత్రము ముఖ సౌష్ఠవమును చూచును. కుడి ఎడమలు సమానముగా ఉన్నచో సమస్య ఉత్పన్నము కాదు," అన్నాడు.

తిప్పేస్వామన్నకు పై అధికారి నోట వచ్చిన ప్రతి మాటా ఆర్డరే. చీటీ రాయించుకుని లోపలికి వెళ్ళి, తిన్నగా గోడౌనుకు నడిచి, గింజ తీసిన కొత్త చింతపండు నిమ్మకాయంత ముద్ద చేసుకున్నాడు. పళ్ళు విడివడడం లేదు గానీ, పెదవి పక్కకు లాగి దాన్ని కుడి చెంపలోకి దూర్చుకున్నాడు. రెండు వైపులా సమానంగా ఉబ్బాయి. గేటుకు వచ్చి యంత్రం ముందు నిలబడ్డాడు.

యంత్రం ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మునుపెన్నడూ లేనంత తియ్యగా పలికింది. "స్వాగతం. ప్రాంతీయ మేనేజరు శ్రీ మార్కండేయులు గారికి శుభోదయం."

గేటు బార్లా తెరుచుకుంది. బండెప్ప అలవాటు చొప్పున సెల్యూట్ కూడా కొట్టాడు. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ నవ్వు పూర్తి కాకముందే జీపు వచ్చి ఆగింది. అసలు మేనేజరుగారు దిగి, యంత్రానికి తమ బుగ్గలు చూపించారు.

"తమరు ఇప్పటికే లోపల ఉన్నారు," అంది యంత్రం. గేటు కదల్లేదు.

మళ్ళీ చూపించారు. మళ్ళీ అదే మాట. నెత్తి మీద ఎండ. బండెప్ప చాలా మర్యాదగా సందర్శకుల చీటీ ముందుకు చాపి, "ఎవుర్ని కలవల్ల సార్?" అన్నాడు.

"ఒరేయ్, నేనెవురో తెలీదా నీకు? నా మొగం చూడరా!" అని మేనేజరుగారు అరిచారు. పుస్తకం భాషంతా ఎండకు ఆవిరైపోయి, పుట్టిన ఊరి మాట బయటికొచ్చింది. "నేను! నేనే!"

"అది మీ వ్యక్తిగత అభిప్రాయమంట సార్," అన్నాడు బండెప్ప. వాడు విన్నది విన్నట్టు నేర్చుకునే రకం.

రెండు రోజులుగా కదలని సంస్థ అప్పుడు కదిలింది, చూడండి. ఫోన్లు మోగాయి. హెడ్డాఫీసు లైనులోకి వచ్చి మేనేజరుగారిని లోపలికి పంపించింది. 'అత్యంత అత్యవసరం' అన్న మాట ఆ ప్రాంగణంలో మొట్టమొదటిసారి వినిపించింది. తిప్పేస్వామి ముఖానికీ మేనేజరుగారి ముఖానికీ మధ్య ఇకపై పొరపాటు రాకుండా, వాచిన ముఖాన్నే తిప్పేస్వామి శాశ్వత ముఖంగా నమోదు చేయాలని తీర్మానమైంది. ఆయన నోట్లోంచి చింతపండు తీయించి, కుర్చీలో కూర్చోబెట్టి, సుధీంద్ర నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు.

"ముఖ మార్పిడి సర్వీసులో ఒక్కసారికే అనుమతింపబడును. లేనిచో ప్రతి ఉద్యోగియు రోజుకొక ముఖముతో వచ్చును," అని హెచ్చరించాడు కూడా.

తిప్పేస్వామన్న యంత్రం ముందు నిలబడ్డాడు. "స్వాగతం, తిప్పేస్వామి గారూ," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. ఎంత పిచ్చి మనిషండీ, తన పేరు తనకు దక్కిందని ఆ సంతోషం!

"ఇప్పుడు అడుగన్నా, సెలవు అడుగు," అని నేను వెనకనుంచి తొందరపెట్టాను.

అత్యవసర సెలవు మీట నొక్కాడు. యంత్రం ముఖాన్ని పైనుంచి కిందికి చూసింది. చూసి చెప్పింది. "నమోదైన ముఖంతో పోల్చగా వాపు కనబడలేదు. అత్యవసరం కాదు. దరఖాస్తు తిరస్కరించబడినది."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి. నేను సుధీంద్ర వైపు చూశాను.

"సాంకేతికముగా సరియైన నిర్ణయమే," అన్నాడు. "ఇప్పుడు వారి ముఖమే అది. వాపు ఎక్కడున్నది?"

తిప్పేస్వామన్న ఏదో అన్నాడు. వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది మాట. నాకు అర్థం కాలేదు. అప్పుడు చూశాను, ఆయన తువ్వాలును. ముందు రోజు నీళ్ళతో తడిసిన తువ్వాలు ఇప్పుడు ఉమ్మితో తడిసి ఉంది. మింగడం లేదాయన, తుడుచుకుంటున్నాడు. దవడ కింద, మెడ మొదట్లో, చర్మం నున్నగా బిగిసి మెరుస్తోంది. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి.

"సార్, గేటు తీయించండి. ఈయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఇప్పుడే," అన్నాను.

"సెలవు మంజూరు కాలేదు కదమ్మా. ఇప్పుడీయన సందర్శకుడు కూడా కాదు," అన్నారు మేనేజరుగారు. అప్పుడే గేటు పక్కన బండెప్ప గదిలో ఫ్యాను కిందికి చేరి చెమట ఆరబెట్టుకుంటున్నారు. "అయిదున్నరకు ఎలాగూ తెరుచుకుంటుంది."

గేటు అవతల అంజినమ్మ నిలబడి ఉంది. నమలలేడని రాగి జావ చెంబులో పోసుకుని తెచ్చింది. ఊచల్లోంచి మొగుణ్ణి చూసింది. ఆ చూపు నేను మరచిపోలేను. చెంబు కింద పెట్టేసి రెండు చేతులతో గేటు పట్టుకుని ఊపింది.

"యోవ్, తీయండి గేటు! చూస్తాండారా, గాలి ఆడక ఎట్ల ఎగబీలుస్తాండాడో?"

"అమ్మా, తొందరపడరాదు," అన్నాడు సుధీంద్ర. "వారిని యంత్రము ఇప్పుడే గుర్తించినది. వారు సంపూర్ణ ఆరోగ్యముతో..."

"నీ మిషను గుర్తుపట్టేదేందప్పా, నేను గుర్తుపడతా! నా మొగుని మొగం నాకు తెలీదా? వాచినా నాదే, వాయకపోయినా నాదే. మీకేం మొగం కావల్లో అది ఫోటో తీసి పెట్టుకున్నారు గదా, పెట్టుకోండి. మనిషిని నాకీండి!"

ఆ తర్వాత జరిగిన విషయం మీద విచారణ ఇంకా నడుస్తోంది కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి. కార్యాలయంలో కరెంటు పోయింది. ఎలా పోయిందో సంస్థ ఇంతవరకూ కనుక్కోలేదు. పోయిన సమయంలో మెయిన్ స్విచ్ మీద నా చెయ్యి ఉన్న మాట నిజం. కరెంటు పోతే గేటు దానంతటదే విడిపోతుందన్న సంగతి, యంత్రం బిగించినప్పటి కాగితాలు టైపు చేసిన నాకు తెలుసన్నదీ నిజం. బండెప్ప ఆటోను అడ్డంగా ఆపాడు. తిప్పేస్వామన్నను అంజినమ్మ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని ఎక్కించాం. దారిలో ఆయన పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. ముందుకు వంగి కూర్చుని, అంజినమ్మ చేతిని నలిపేస్తూ పెద్దాసుపత్రి దాకా వచ్చాడు.

అక్కడ యంత్రం లేదు. ఒక చిన్న వయసు డాక్టరు ఆయన మెడను చూసీ చూడగానే స్ట్రెచరు కోసం కేక వేశాడు. పేరేమిటి అని కూడా అడగలేదు. పన్ను తీశారు, దవడ కింద కోసి చీమంతా వదిలించారు, సెలైను పెట్టారు. తర్వాత ఆ డాక్టరు బయటికొచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి కోసం గొంతుకు కన్నం పెట్టవలసి వచ్చేదని చెప్పాడు. అంజినమ్మ వరండాలో గోడకు చేరగిలబడి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

నేను పెట్టిన చెయ్యి గట్టిదే కాబోలు, ఆ దెబ్బకు యంత్రం చాలా రోజులు లేవలేదు. హెడ్డాఫీసు నుంచి మనిషి వచ్చి బాగుచేసేదాకా ఎవరి ముఖమూ పడలేదు. సర్క్యులరు ప్రకారం ఆ రోజుల్లో మా కార్యాలయంలో ఒక్క ఉద్యోగి కూడా లేనట్టే. లేని మేమందరం రోజూ వచ్చి పని చేసి వెళ్ళాం, పని కూడా బాగానే జరిగింది. తిప్పేస్వామన్న ఆసుపత్రిలో ఉన్న రోజులు ఆ గందరగోళంలో ఎవరి కంటా పడకుండా కొట్టుకుపోయాయి.

యంత్రం లేచిన రోజునే ఆయనా వచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ ముఖం మాత్రం పాత ముఖమే. దవడ కింద చిన్న మచ్చ. శుభ్రంగా గడ్డం గీసుకుని, విబూది పెట్టుకుని, యంత్రం ముందు నిలబడ్డాడు.

"వ్యక్తి నమోదు కాలేదు."

సుధీంద్రను పిలిచాం. ట్యాబు చూసి పెదవి విరిచాడు. "ముఖ మార్పిడి వినియోగింపబడినది. పాత ముఖమునకు తిరిగి వచ్చుటకు నిబంధనలలో అవకాశము లేదు."

తిప్పేస్వామన్న చీటీ రాయించుకుని గోడౌనుకు వెళ్ళి వచ్చాడు. ఈసారి ముద్ద ఎడమ చెంపలో ఉంది. నిమ్మకాయంత.

"స్వాగతం, తిప్పేస్వామి గారూ."

ఆ రోజు నుంచి అదే ఏర్పాటు. పొద్దున లోపలికి రావడానికొక ముద్ద, అది కరిగాక, మళ్ళీ ఎప్పుడు ముఖం చూపమంటారోనని ఇంకొక ముద్ద. ఇంట్లో అంజినమ్మ పప్పులోకి కొలిచిన చేత్తోనే మొగుడి చెంపలోకీ కొలిచి, పొట్లం కట్టి పంపేది. ఎక్కువైతే యంత్రం వద్దంటుంది, తక్కువైతే అదీ వద్దంటుంది. తిరిగొచ్చాక ఆయన చేసిన మొదటి పని నాకు మెమో రాయడం. కరెంటు విషయంలో సంజాయిషీ కోరుతూ. "తప్పుగా అనుకోవద్దు గిరిజమ్మా, సీటు పని," అన్నాడు చెంపలో ముద్దతోనే. అక్షరాలు మాత్రం ముత్యాలే.

డాక్టర్ వహీదా ఒకసారి బజారులో కనబడితే ఆమెకు చెప్పాను. ఆమె ఆయన్ని పిలిపించి మరీ తిట్టింది. "పన్ను పీకిన పక్కనే రోజంతా పులుపు పెట్టుకుంటాండావే, మిగిలిన పండ్లు ఏం కావల్లన్నా? ఒకటి పోతే పోయింది, పక్కనుండేటివన్నా కాపాడుకో."

"కుర్చీ ఉంటాది గదా మేడమ్," అన్నాడాయన.

ఈలోగా మా రిపోర్టుకు ఫలితం వచ్చింది. హెడ్డాఫీసు నుంచి పెద్దాయన ఒకరు వచ్చి, 'తొలి దంత అత్యవసర రహిత కార్యాలయం' అని ఇత్తడి ఫలకం మేనేజరుగారి చేతికిచ్చారు. సభలో సుధీంద్రకు శాలువా. ఆ ఫలకాన్ని యంత్రం పక్కనే గోడకు కొట్టించారు. సిబ్బంది తరఫున నాలుగు మాటలు చెప్పమని తిప్పేస్వామన్నను పిలిచారు. ఆయన చెంపలో ముద్దతో లేచి, దండం పెట్టి కూర్చున్నాడు. ఎంత వినయమో అని పెద్దాయన మెచ్చుకున్నారు.

ఇక నిన్నటి సంగతి. పొద్దున గేటు దగ్గర మేమందరం వరసలో ఉన్నాం. తిప్పేస్వామన్న నాకు ముందు నిలబడ్డాడు. చేతిలో పొట్లం కనబడలేదు. మరచిపోయాడేమోనని చెప్పబోయేలోగా ఆయన వంతు వచ్చింది. వట్టి ముఖంతోనే యంత్రం ముందు నిలబడ్డాడు.

"స్వాగతం, తిప్పేస్వామి గారూ."

వెనకనుంచి మేనేజరుగారు చప్పట్లు కొట్టారు. "చూశావా గిరిజా! మన యంత్రం నేర్చుకుంది. చింతపండు లేకుండానే మనిషిని గుర్తుపట్టింది!"

సుధీంద్ర ట్యాబులో ఏదో రాసుకుంటూ గర్వంగా నవ్వాడు. గేటు బార్లా తెరుచుకుంది. తిప్పేస్వామన్న నా వైపు తిరిగాడు. ఎడమ చెంప మీద తడి తువ్వాలు. నొప్పికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఆయన లోపలికి అడుగు పెట్టకముందే చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, రోడ్డు మీద పోతున్న ఆటోను కేకేసి ఆపాను.